నానోపదార్థాల్లో 0డి, 1డి, 2డి, 3డి: ఏ కొలబద్దతో లెక్కపెడుతున్నాం?

గాజు పలక మీద పది నానోమీటర్ల మందాన బంగారు పొర వేశారనుకుందాం. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు. పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో ఉన్నాయి. మందం ఒక్కటే నానోమీటర్లలో ఉంది. ఈ పొర 1డి నానోపదార్థమా, 2డి నానోపదార్థమా? (డి అంటే డైమెన్షన్, తెలుగులో మితి.) ఎమ్మెస్సీ, బీటెక్ విద్యార్థులు తరచూ తడబడే ప్రశ్న ఇది. ఒక్క దిశలోనే నానో కాబట్టి 1డి అని రాసినవాళ్లకు మార్కు పోతుంది. వాళ్ల తర్కంలో తప్పేమీ లేదు. పుస్తకం ఒకదాన్ని లెక్కపెడితే వాళ్లు ఇంకోదాన్ని లెక్కపెట్టారు.

ఈ రంగంలో రెండు లెక్కలు పక్కపక్కనే నడుస్తున్నాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ నానో సైజులో ఉన్న దిశలను చూస్తుంది. వస్తువు మూడు దిశల్లోనూ 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉంటే అది నానోకణం. రెండు దిశల్లో ఉంటే నానోఫైబర్. ఒక్క దిశలో ఉంటే నానోప్లేట్. పాఠ్యపుస్తకాలు, పరిశోధన పత్రాలు ఎక్కువగా వాడే 0డి, 1డి, 2డి పద్ధతి దీనికి తలకిందులు. అది నానో కాని దిశలను లెక్కపెడుతుంది. కణానికి అలాంటి దిశ ఒక్కటీ లేదు కాబట్టి 0డి. తీగకు ఒకటి ఉంది, 1డి. పొరకు రెండు ఉన్నాయి, 2డి. ఈ లెక్కలో మన బంగారు పొర 2డి.

గందరగోళానికి పాత కారణం ఇంకోటి ఉంది. 1990లలో అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ సీగల్ చేసిన వర్గీకరణలో పొరల మీద పొరలు పేర్చిన పదార్థం 1 కింద వచ్చేది. నానో కొలతలో నిర్మాణం ఎన్ని దిశల్లో మారుతోందో ఆయన చూశారు. అందుకే పాత పుస్తకం చదివినవారికి, కొత్త పుస్తకం చదివినవారికి ఒకే పొర గురించి వేర్వేరు సంఖ్యలు కనిపిస్తాయి.

ఏది లెక్కపెడుతున్నామో తేల్చుకుంటే ఈ చిక్కు తీరిపోతుంది. అసలు చిక్కు దాని వెనకాల ఉంది. ఒక దిశ నానో అవునా కాదా అని తేల్చడానికి ఒక కొలబద్ద కావాలి. ఆ కొలబద్ద 100 నానోమీటర్లు అని పుస్తకం చెబుతుంది. పదార్థం మాత్రం ఆ మాట వినదు. రసాయన చర్యకు ఒక కొలబద్ద, ఎలక్ట్రాన్‌కు ఇంకోటి, ఊపిరితిత్తులకు మరోటి. వర్గీకరణలోని సంఖ్య ఏ కొలబద్దతో వచ్చిందో చెప్పకపోతే ఆకారం తెలుస్తుంది గానీ గుణం తెలియదు.

100 అనే గీత

100 నానోమీటర్ల దగ్గర ప్రకృతి గీసిన గీత ఏదీ లేదు. 99 నానోమీటర్ల కణానికీ 101 నానోమీటర్ల కణానికీ ప్రవర్తనలో తేడా ఉండదు. సైజును బట్టి గుణాలు మారడం చాలా పదార్థాల్లో ఈ గీతకు దిగువనే కనిపిస్తుంది కాబట్టి, ప్రమాణాలకూ చట్టాలకూ ఏదో ఒక హద్దు కావాలి కాబట్టి, దీన్ని ఒప్పుకున్నారు. కింద ఉన్న 1 నానోమీటరు హద్దు కూడా అలాంటిదే. విడి పరమాణువులు, చిన్న అణువులు ఈ ఖాతాలో పడకుండా పెట్టిన అడ్డు అది.

ఆ అడ్డుతో వెంటనే ఇబ్బంది వచ్చింది. 60 కార్బన్ పరమాణువులతో బంతిలా ఉండే ఫుల్లరీన్ వ్యాసం దాదాపు 0.7 నానోమీటర్లు. ఒకే పరమాణువు మందాన పరుచుకున్న కార్బన్ రేకు గ్రాఫీన్, దాని మందం 0.335 నానోమీటర్లు. గీతను అక్షరాలా పాటిస్తే నానో విజ్ఞానానికి పేరు తెచ్చిన ఈ రెండు పదార్థాలూ నానోపదార్థాలు కాకుండా పోతాయి. అందుకే యూరోపియన్ యూనియన్ 2011లో ఇచ్చిన నిర్వచనంలో ఫుల్లరీన్లను, గ్రాఫీన్ రేకులను, ఒంటిగోడ కార్బన్ నానోట్యూబులను పేరుపెట్టి మరీ చేర్చాల్సి వచ్చింది. 2022లో సవరించినప్పుడు పేర్ల బదులు ఆకారం పట్టుకున్నారు. కడ్డీ, ఫైబర్, ట్యూబు ఆకారాల్లో రెండు దిశలు, పలక ఆకారంలో ఒక దిశ 1 నానోమీటరు కంటే చిన్నవైనా లెక్కలోకి తీసుకోవాలన్నారు. అంటే మితుల వర్గీకరణ అధికారిక నిర్వచనంలోకే నేరుగా వచ్చేసింది.

ఉపరితలం లెక్క

ముందు తేలికైన కొలబద్దను చూద్దాం. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనాన్ని తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 10 నానోమీటర్ల ఘనాలుగా ముక్కలు చేస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు అవుతుంది. 1 నానోమీటరు ముక్కలు చేయగలిగితే 6,000 చదరపు మీటర్లు, దాదాపు ఎకరన్నర. పదార్థం పెరగలేదు, బయటపడ్డ భాగం పెరిగింది.

ఇక్కడ మితుల సంఖ్యకు చక్కటి గణితం ఉంది. ఘనపరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితలం గోళాకార కణానికి 6/d, పొడవైన తీగకు 4/d, విశాలమైన పొరకు 2/d వస్తుంది. d అంటే కణం లేదా తీగ వ్యాసం, పొర అయితే మందం. మూడింటికీ d 5 నానోమీటర్లే అనుకుంటే ఒక్కో ఘన నానోమీటరుకు కణంలో 1.2, తీగలో 0.8, పొరలో 0.4 చదరపు నానోమీటర్ల ఉపరితలం ఉంటుంది. నానోకు బిగుసుకున్న దిశ ఒకటి పెరిగినప్పుడల్లా 2/d చొప్పున కలుస్తోంది. ఉత్ప్రేరకాలు ఎక్కువగా 0డి కణాలుగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం ఉపరితలం మీది పరమాణువు స్థితి. బంగారం లోపలి పరమాణువుకు చుట్టూ 12 మంది పొరుగువాళ్లు ఉంటారు. ఉపరితలం మీద ఆ సంఖ్య తగ్గుతుంది, అంచుల్లో మరీ తగ్గుతుంది. పట్టు తగ్గిన పరమాణువు తేలిగ్గా కదులుతుంది, తేలిగ్గా చర్యలో పాల్గొంటుంది. ముద్ద బంగారం 1,064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, రెండు మూడు నానోమీటర్ల బంగారు కణాలు అంతకంటే కొన్ని వందల డిగ్రీలు తక్కువలోనే కరుగుతాయి. దేనితోనూ కలవని లోహంగా పేరున్న బంగారం, 5 నానోమీటర్ల కంటే చిన్న కణాలుగా మారితే గది ఉష్ణోగ్రత కంటే చల్లని వాతావరణంలోనూ కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుందని జపాన్‌లో మసటకే హరుటా 1987లో చూపించారు.

అయితే ఈ ఫార్ములాలో 6, 4, 2 కంటే d బలమైంది. గ్రాఫీన్ 2డి కాబట్టి 2/d వర్తిస్తుంది. d 0.335 అయ్యేసరికి ఒక్కో ఘన నానోమీటరుకు దాదాపు 6 చదరపు నానోమీటర్లు వస్తుంది. 5 నానోమీటర్ల కణం కంటే ఇది ఐదు రెట్లు. గ్రాముకు 2,630 చదరపు మీటర్లు అని గ్రాఫీన్ గురించి తరచూ చెప్పే అంకె ఈ లెక్కలోంచే వస్తుంది. 0డి పదార్థానికే ఉపరితలం ఎక్కువ అని బట్టీ పట్టిన వాక్యం ఇక్కడ నిలబడదు. సమాన మందాలను పోల్చినప్పుడే అది నిజం.

ఇంకో సంగతి, ఉపరితలం ప్రభావానికి మెట్టు అంటూ ఉండదు. d తగ్గేకొద్దీ నునుపుగా పెరుగుతూ పోతుంది. ఎలక్ట్రాన్ విషయం అలా కాదు.

ఎలక్ట్రాన్ కొలబద్ద

పొలంలో నిలబడ్డ మనిషి ఎటైనా నడవొచ్చు. గట్టు ఎక్కితే ముందుకో వెనక్కో తప్ప దారి లేదు. 0డి, 1డి అనే సంఖ్యల అసలు భావం ఇదే, పదార్థంలో ఎలక్ట్రాన్‌కు ఎన్ని దిశల్లో స్వేచ్ఛ ఉంది అని. కాకపోతే ఎంత ఇరుకైతే దాన్ని గట్టు అనాలో తేల్చేది మన స్కేలు కాదు, ఎలక్ట్రాన్ తరంగం.

క్వాంటం సూత్రాల ప్రకారం L పొడవున్న గోడల మధ్య చిక్కుకున్న స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌కు కనీస శక్తి దాదాపు 0.376/L² ఎలక్ట్రాన్ వోల్టులు, L నానోమీటర్లలో. ఎలక్ట్రాన్ వోల్టు అంటే ఈ స్థాయిలో శక్తిని కొలిచే యూనిట్. 100 నానోమీటర్ల పెట్టెలో అది 0.00004 ఎలక్ట్రాన్ వోల్టుల లోపే. గది వేడి వల్ల ఎలక్ట్రాన్‌కు అందే శక్తి సుమారు 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ వేడి ముందు ఆ గోడలు ఉన్నా లేనట్టే. 100 నానోమీటర్ల మందంతో సిలికాన్ తీగ చేసి దాన్ని 1డి అంటే ఆకారం వరకు సరే. అందులో ఎలక్ట్రాన్ మాత్రం ముద్ద సిలికాన్‌లో తిరిగినట్టే తిరుగుతుంది.

అర్ధవాహకాల్లో ఎలక్ట్రాన్ ఉన్నదానికంటే తేలికైనట్టు ప్రవర్తిస్తుంది, దాంతో ఇరుకు కాస్త ముందుగానే తెలుస్తుంది. కాడ్మియం సెలెనైడ్‌లో ఎలక్ట్రాన్ ప్రభావ ద్రవ్యరాశి అసలుదానిలో 13 శాతమే. అందులో 5 నానోమీటర్ల పెట్టెకు ఒక్క దిశలోనే 0.1 ఎలక్ట్రాన్ వోల్టులు దాటుతుంది, గది వేడి కంటే నాలుగు రెట్లకు పైన. వెలుగు తగిలినప్పుడు ఎలక్ట్రాన్ తన చోటు వదిలితే మిగిలే ఖాళీని రంధ్రం అంటారు. ఆ ఎలక్ట్రాన్, రంధ్రాల జంటకు ఒక సహజమైన సైజు ఉంటుంది, దాన్ని బోర్ వ్యాసార్థం అంటారు. కాపర్ క్లోరైడ్‌లో అది ఒక నానోమీటరు కూడా ఉండదు. కాడ్మియం సెలెనైడ్‌లో 5 నానోమీటర్లకు కాస్త పైన, లెడ్ సల్ఫైడ్‌లో 20 దగ్గర. కాబట్టి 10 నానోమీటర్ల లెడ్ సల్ఫైడ్ కణం ఎలక్ట్రాన్ పరంగా కూడా 0డి. అదే సైజు కాపర్ క్లోరైడ్ కణం పేరుకు మాత్రమే 0డి.

లోహాల దగ్గరకు వస్తే తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 20 నానోమీటర్ల బంగారు కణాన్ని అన్ని పుస్తకాలూ 0డికి మొదటి ఉదాహరణగా ఇస్తాయి. అందులో సుమారు రెండున్నర లక్షల పరమాణువులు ఉంటాయి. అన్ని ఎలక్ట్రాన్ల శక్తి స్థాయులు ఎంత దగ్గరగా ఉంటాయో జపాన్ భౌతిక శాస్త్రవేత్త రియోగో కుబో 1962లో ఇచ్చిన పద్ధతితో లెక్కేస్తే, రెండు స్థాయుల మధ్య ఎడం 0.00003 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర తేలుతుంది. గది వేడితో పోలిస్తే దాదాపు వెయ్యో వంతు. ఆ కణం అచ్చంగా లోహమే. దాని ఎర్రరంగు క్వాంటం ఇరుకు వల్ల వచ్చింది కాదు. వెలుగు తగిలినప్పుడు ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగడం వల్ల వచ్చింది, దీన్ని ప్లాస్మాన్ అంటారు. మైకేల్ ఫారడే 1857లో ఆ ఎర్రటి బంగారు ద్రావణాలను తయారుచేసి, రంగుకు కారణం కణాల సూక్ష్మతేనని గుర్తించారు. కణాన్ని 2 నానోమీటర్లకు తగ్గిస్తే పరమాణువులు రెండు వందల యాభై దగ్గరకు వస్తాయి, స్థాయుల మధ్య ఎడం 0.03 ఎలక్ట్రాన్ వోల్టులకు చేరుతుంది. అక్కడ బంగారం లోహ స్వభావాన్ని వదులుకోవడం మొదలుపెడుతుంది. 20 నుంచి 2కు వచ్చే దారిలో ఆకారపు వర్గం మారలేదు, రెండూ 0డి. పదార్థమే మారిపోయింది.

రైతులకు తెలిసిన నానో యూరియా విషయం కూడా ఇదే కోవలోది. తయారీ సంస్థ చెప్పే ప్రకారం కణాల సైజు 20 నుంచి 50 నానోమీటర్లు. ఆకారంలో 0డి. అక్కడ ఎలక్ట్రాన్ ఇరుకుకు పనే లేదు. ఆకు మీద పడ్డాక ఎంత లోపలికి పోతుంది, పంటకు ఎంత నత్రజని అందుతుంది అన్నవే ప్రశ్నలు. దిగుబడి మీద శాస్త్రవేత్తల మధ్య నడుస్తున్న వాదన పొలాల్లో తేలాలి, సీసా మీద ఉన్న నానో అనే మాటతో తేలదు.

ఎలక్ట్రాన్ నిజంగా ఇరుకున పడ్డప్పుడు ఏమవుతుంది? ఏ శక్తి దగ్గర ఎలక్ట్రాన్‌కు ఎన్ని స్థానాలు దొరుకుతాయన్న పట్టికే మారిపోతుంది. ముద్ద పదార్థంలో ఆ సంఖ్య శక్తితోపాటు నునుపుగా పెరుగుతుంది. 2డిలో మెట్లుమెట్లుగా పెరుగుతుంది. 1డిలో మొనలు తేలుతుంది. 0డిలో విడివిడి గీతలే మిగులుతాయి, పరమాణువులో ఉన్నట్టు. లేజర్లు, ఎల్‌ఈడీలు, ట్రాన్సిస్టర్లు చేసేవాళ్లకు వర్గీకరణలో అక్కరకొచ్చే భాగం ఈ పట్టికే.

గీతలు, మొనలు, మెట్లు

0డిలో కనిపించే గీతల కథ లెనిన్‌గ్రాడ్‌లో మొదలైంది. అలెక్సీ ఎకిమోవ్ 1981లో రంగు గాజులో ఏర్పడ్డ కాపర్ క్లోరైడ్ స్ఫటికాలను చూస్తూ, సైజు తగ్గేకొద్దీ అవి పీల్చుకునే వెలుగు నీలం వైపు జరుగుతోందని నివేదించారు. బెల్ ల్యాబ్స్‌లో లూయిస్ బ్రుస్ 1983లో ద్రవంలో తేలే కాడ్మియం సల్ఫైడ్ కణాల్లో అదే చూశారు. సైజును అనుకున్నట్టు అదుపు చేసే పద్ధతి 1993లో ఎంఐటీలో మౌంగి బావెండి బృందం చేతికొచ్చింది, వేడి ద్రావణంలోకి ముడి రసాయనాలను ఒక్కసారిగా ఎక్కించి, స్ఫటికాలన్నీ ఒకేసారి పుట్టేలా చేయడం ద్వారా. ముగ్గురికీ 2023 రసాయన నోబెల్ దక్కింది. ఈ నానో స్ఫటికాలను క్వాంటం డాట్లు అంటారు. కాడ్మియం సెలెనైడ్ అయితే రెండు నానోమీటర్ల డాట్ నీలంగా, ఆరు నానోమీటర్ల డాట్ ఎర్రగా వెలుగుతుంది. రసాయనం ఒకటే, రంగులు వేరు. క్యూఎల్‌ఈడీ టీవీల్లో నీలి వెలుగును ఆకుపచ్చగా, ఎర్రగా మార్చేవి ఈ డాట్లే. కాడ్మియం విషపూరితం కాబట్టి ఇండియం ఫాస్ఫైడ్ లాంటివి వాడుకలోకి వచ్చాయి.

1డి కుటుంబంలో కార్బన్ నానోట్యూబు అన్నిటికంటే ఆశ్చర్యకరమైంది. సుమియో ఇయిజిమా 1991లో బహుళగోడల ట్యూబులను వివరించాక ప్రపంచం దృష్టి అటు మళ్లింది. 1993లో ఒంటిగోడ ట్యూబులు దొరికాయి. వ్యాసం నానోమీటరు చుట్టుపక్కల, పొడవు మాత్రం మైక్రోమీటర్ల నుంచి మొదలు. బీజింగ్‌లోని సింగ్హువా విశ్వవిద్యాలయంలో 2013లో అర మీటరు దాటిన ట్యూబును పెంచారు. గ్రాఫీన్ రేకును ఏ కోణంలో చుడితే ట్యూబు వచ్చిందో n, m అనే రెండు సంఖ్యలు చెబుతాయి. n, m తేడా మూడుతో భాగించబడితే లోహంలా, లేకపోతే అర్ధవాహకంలా ప్రవర్తిస్తుంది. కలగాపులగంగా తయారైన ట్యూబుల్లో మూడో వంతు లోహాలు, రెండు వంతులు అర్ధవాహకాలు. వీటిని వేరుచేయడం ఇప్పటికీ ఖర్చుతో కూడిన పని. చిప్‌ల తయారీలో నానోట్యూబులు సిలికాన్‌ను పక్కకు నెట్టలేకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1డి అనే ఒక్క మాట కింద ఇంత తేడా దాగి ఉంటుంది.

మామూలు తీగ పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుంది. మంచి 1డి తీగలో, తక్కువ దూరాలకు, ఈ నియమం చెల్లదు. ఎలక్ట్రాన్ ఎక్కడా ఢీకొట్టకుండా దాటిపోతుంది కాబట్టి నిరోధం పొడవు మీద ఆధారపడదు. ఒక్కో మార్గానికి 12.9 కిలోఓమ్‌లు అన్న స్థిరాంకం దగ్గర ఆగుతుంది. ఎలక్ట్రాన్లకు ఒక్కో మార్గం తెరుచుకున్నప్పుడల్లా వాహకత ఒక్కో మెట్టు పెరగడాన్ని 1988లో నెదర్లాండ్స్, బ్రిటన్ బృందాలు విడివిడిగా కొలిచాయి.

తెలంగాణకు ఈ 1డి కథలో ఒక చిన్న చోటు ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పీటర్ పౌఫ్లర్ బృందం 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను యాసిడ్‌లో కరిగించి చూసి, అందులో కార్బన్ నానోట్యూబులు, సిమెంటైట్ నానోతీగలు ఉన్నాయని 2006లో ప్రకటించింది. అలాంటి కత్తులకు ముడిసరుకు దక్షిణ భారతపు ఊట్జ్ ఉక్కు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుమోసిన ఊరు. పర్షియా వ్యాపారులు అక్కడికి వచ్చి కొనుక్కెళ్లేవారని 19వ శతాబ్దపు రాతల్లో ఉంది. ఆ ఒక్క కత్తి కోనసముద్రం ఉక్కుతోనే చేశారని చెప్పడానికి ఆధారం లేదు. మనవాళ్లకు నానో టెక్నాలజీ ముందే తెలుసు అనడం కూడా సరికాదు. ముడి ఉక్కును కరిగించడంలో, సాగగొట్టడంలో ఉన్న గొప్ప నైపుణ్యం వాళ్లది, లోపల ఏర్పడింది వాళ్లకు కనిపించలేదు. ఆ నైపుణ్యానికి అంతకు మించిన పొగడ్త అవసరం లేదు.

2డి అనగానే గ్రాఫీన్ గుర్తొస్తుంది. మాంచెస్టర్‌లో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ 2004లో అంటుకునే టేపుతో గ్రాఫైట్ పొరలను ఒలిచి దాన్ని తీశారు, 2010లో నోబెల్ అందుకున్నారు. అయితే ఇళ్లలోకి అంతకుముందే వచ్చిన 2డి నిర్మాణం వేరే ఉంది. తెల్ల ఎల్‌ఈడీ బల్బులోని నీలి చిప్‌లో గాలియం నైట్రైడ్ మధ్య రెండు మూడు నానోమీటర్ల మందాన ఇండియం గాలియం నైట్రైడ్ పొరలు ఉంటాయి. ఎలక్ట్రాన్లు, రంధ్రాలు ఆ పలుచని పొరల్లో చిక్కుకుని కలవడం వల్లే వెలుగు వస్తుంది. వాటిని క్వాంటం బావులు అంటారు. 2014 భౌతిక నోబెల్ ఈ నీలి ఎల్‌ఈడీకే వచ్చింది. ఆ పొరను విడిగా చేత్తో పట్టుకోలేం, అది పెద్ద స్ఫటికం మధ్యలో ఉంటుంది. వస్తువు బయటి సైజునే చూసే నిర్వచనానికి ఇది అందదు, ఎలక్ట్రాన్ లెక్కకు మాత్రం ఇంతకంటే మంచి 2డి లేదు.

పొర ఎంత దళసరి అయితే 2డి కాకుండా పోతుంది? దీనికీ ఒకే జవాబు లేదు. గ్రాఫీన్‌లో పది పొరలు పేర్చేసరికి గ్రాఫైట్ లక్షణాలు వచ్చేస్తాయని ఒక అంచనా. మాలిబ్డినం డైసల్ఫైడ్‌లో ఒక్క పొర నుంచి రెండుకు వెళ్లడమే పెద్ద మార్పు. ఒంటి పొర వెలుగును బాగా ఇస్తుంది, కరెంటు మోయడానికి ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం 1.8 ఎలక్ట్రాన్ వోల్టులకు పైన. ముద్దగా ఉన్నప్పుడు అంతరం 1.3 దగ్గరకు పడిపోతుంది, వెలుగు దాదాపు ఆరిపోతుంది. ఇంకా విచిత్రం 2018లో బయటపడింది. రెండు గ్రాఫీన్ పొరలను ఒకదాని మీద ఒకటి 1.1 డిగ్రీల మెలికతో పెడితే, 1.7 కెల్విన్ దగ్గర నిరోధమే లేని అతివాహకంగా మారుతుందని ఎంఐటీలో పాబ్లో హరీయో-హెర్రెరో బృందం చూపించింది. మితి మారలేదు, రసాయనం మారలేదు, కోణం మారింది.

చిప్‌ల పేర్లలో కనిపించే 3 నానోమీటర్లు, 5 నానోమీటర్లు ఈ చర్చలోకి రావు. అవి తరాల పేర్లు. 3 నానోమీటర్ల చిప్‌లో ట్రాన్సిస్టర్ గేటుకూ గేటుకూ మధ్య దూరం నలభై నానోమీటర్లకు పైనే ఉంటుంది. అయితే ఆ చిప్‌లలో కొన్నిటిలో కరెంటు పారే సిలికాన్ పలకలు మాత్రం కొద్ది నానోమీటర్ల మందంతో నిజంగానే 2డి వైపు వెళ్తున్నాయి.

3డి అనే పెద్ద సంచి

ఈ వర్గీకరణలో బలహీనమైన చోటు 3డి. లెక్క ప్రకారం మూడు దిశల్లోనూ నానో కానిది 3డి. అలాగైతే ఇటుక కూడా 3డియే. కాబట్టి లోపలి నిర్మాణం నానోల్లో ఉండాలని ఒక షరతు కలుపుతారు. ఐఎస్‌ఓ వీటిని నానోవస్తువుల నుంచి విడదీసి నానోనిర్మిత పదార్థాలు అంది, అదే మెరుగైన పద్ధతి. ఎందుకంటే 0, 1, 2 సంఖ్యలు వస్తువు బయటి కొలతలకు సంబంధించినవి, 3 లోపలి కొలతలకు సంబంధించింది. ఒకే వరుసలో నిలబెట్టినా ఇవి ఒక జాతివి కావు.

ఆ సంచిలో చేరేవన్నీ దేనికదే. నానో రేణువులతో చేసిన లోహాలు ఒకటి. రేణువు సైజు తగ్గేకొద్దీ లోహం బలపడుతుందని 1950లలో హాల్, పెచ్ విడివిడిగా కనుగొన్నారు. సైజు వెయ్యి రెట్లు తగ్గితే రేణువుల సరిహద్దుల వల్ల వచ్చే బలం దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. 10, 20 నానోమీటర్ల దగ్గర ఈ ధోరణి తిరగబడి, లోహం మెత్తబడటం మొదలవుతుంది. లోహం బలానికి ఇది దాని సొంత కొలబద్ద, ఎలక్ట్రాన్‌తో పనిలేనిది. రంధ్రాలే ప్రధానమైన పదార్థాలు ఇంకోటి. లోహ అయాన్లను కర్బన అణువులతో కలిపి అల్లిన ఎంఓఎఫ్‌లకు 2025 రసాయన నోబెల్ వచ్చింది, సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీలకు. వాటిలో నానో అయినది ఖాళీ జాగా. మన ఎముక మరోటి, కొద్ది నానోమీటర్ల మందం ఉన్న ఖనిజ పలకలు కొల్లాజెన్ పీచుల్లో అమరి ఉంటాయి.

కలయికలను వర్ణించడానికి పోక్రోపివ్నీ, స్కోరోఖోద్ 2007లో వేరే దారి పట్టారు. నిర్మాణం మొత్తం మితి ఎంత, అందులోని ముక్కల మితి ఎంత అని రెండూ రాసి, 36 తరగతులు చేశారు. ఉక్కులో కొద్ది నానోమీటర్ల యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కణాలు చెదిరి ఉన్న ఓడీఎస్ ఉక్కును తీసుకుంటే, 3డి దిమ్మెలో 0డి ముక్కలు అని చెప్పొచ్చు. ఎక్కువ వేడిని తట్టుకునే ఈ ఉక్కు మీద హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో పని జరుగుతోంది. 36 తరగతులు గుర్తుపెట్టుకోవడం కష్టమే. అయినా ఒక్క సంఖ్యతో సరిపెట్టడం కంటే, ముక్క ఏది, మొత్తం ఏది అని అడిగే ఈ పద్ధతి పదార్థానికి ఎక్కువ న్యాయం చేస్తుంది.

ఊపిరితిత్తుల కొలబద్ద

ఆరోగ్య భద్రత దగ్గర మితుల సంఖ్యకు వేరే అర్థం వస్తుంది. ఊపిరితిత్తుల్లోకి చేరిన ధూళిని మాక్రోఫేజ్‌లు అనే రక్షక జీవకణాలు మింగి బయటికి చేరవేస్తాయి. గుండ్రటి ధూళి రేణువైతే మింగడం సులువు. సన్నగా, గట్టిగా, 15, 20 మైక్రోమీటర్లకు మించిన పొడవుతో ఉన్న ఫైబర్ వస్తే దాన్ని మాక్రోఫేజ్ పూర్తిగా మింగలేదు. సగం మింగిన స్థితిలో ఇరుక్కుని, వాపు కలిగించే రసాయనాలను వదులుతూ ఉంటుంది. ఆస్‌బెస్టాస్ ప్రమాదం వెనక ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైంది. పొడవైన బహుళగోడల నానోట్యూబులు ఎలుకల పొట్ట లోపలి పొరలో ఆస్‌బెస్టాస్ లాంటి లక్షణాలే చూపించాయని, పొట్టిగా, చిక్కుపడి ఉన్నవి చూపించలేదని ఎడిన్‌బరో పరిశోధకులు 2008లో వెల్లడించారు.

ఇక్కడ పొడవు ఎక్కువా తక్కువా అని తేల్చేది 100 నానోమీటర్లూ కాదు, బోర్ వ్యాసార్థమూ కాదు. మాక్రోఫేజ్ నోటికి పట్టే సైజు. ఎలక్ట్రాన్‌కు ఒక మైక్రోమీటరు పొడవున్న ట్యూబు చక్కటి 1డి. మాక్రోఫేజ్‌కు అది మామూలు ధూళి కణం. అదే ట్యూబు 20 మైక్రోమీటర్లు ఉంటే, గట్టిగా నిటారుగా ఉంటే, దానికి గండం. అందుకే ఫ్యాక్టరీలో, ల్యాబులో ఇలాంటి పొడులతో పనిచేసేవాళ్లకు డబ్బా మీద 1డి నానోపదార్థం అని ఉంటే చాలదు. వ్యాసం ఎంత, పొడవులు ఏ మేరకు పరుచుకుని ఉన్నాయి, విడివిడిగా ఉన్నాయా ఉండలు కట్టాయా, వంగుతాయా వంగవా అన్నది సేఫ్టీ డేటా షీట్‌లో ఉండాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2014లో ఈ తేడా పాటించింది. ఎండబ్ల్యూసీఎన్‌టీ-7 అనే ఒక రకం నానోట్యూబును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న 2బి గ్రూపులో చేర్చింది. మిగతా నానోట్యూబుల గురించి ఒక నిర్ణయానికి రావడానికి ఆధారాలు చాలవంటూ వాటిని మూడో గ్రూపులో ఉంచింది.